చేవ్రాలు

మొన్న వేసవిలో మా అక్కయ్య కొడుకు ఇంటర్మీడియట్ పూర్తిచేసి, విమానాల నిర్వహణ, మరమ్మతు నేర్పే చదువులో చేరతానన్నాడు. ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. "ఇంత చదివీ చివరికి మెకానిక్కువవుతావా?" అన్న మాట ముందుగా ఎవరి నోట వచ్చిందో గుర్తులేదు గాని, అందరి మనసుల్లోనూ ఉన్నది అదే. వాడు నా వైపు తిరిగి, "మావయ్యా, నువ్వైనా చెప్పు" అన్నాడు. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. విమానమనగానే మనకు పైలట్ గుర్తుకొస్తాడు. నేలమీద నిలబడి దానిని ఎగరనిచ్చే మనిషిని గురించి నాకు తెలిసింది బహు తక్కువ.

తెలిసినదల్లా మా బాబాయి. ఆయన వైమానిక దళంలో ఎయిర్‌మన్‌గా చేరి, మద్రాసు పక్కన తాంబరంలో శిక్షణ పొంది, ఇంజన్ల పనిలో చాలా ఏళ్లు గడిపి, ఆ తరువాత హైదరాబాదులో ఒక హ్యాంగరులో ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకున్నారు. చిన్నప్పుడు సెలవులకు వారింటికి వెళ్ళినప్పుడు మాకొక వినోదం ఉండేది. కుళాయి బాగుచేసినా, సైకిలు చెయిను బిగించినా, పని కాగానే ఆయన తన పానాలనూ స్క్రూడ్రైవర్లనూ ఒక గుడ్డమీద వరుసగా పేర్చి, వేలుపెట్టి లెక్కించేవారు. లెక్క సరిపోయాకే చేతులు కడుక్కునేవారు. "బాబాయి డబ్బులకన్నా పానాలనే ఎక్కువసార్లు లెక్కపెడతాడు" అని మేం నవ్వుకునేవాళ్లం. మేనల్లుడి ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను కొన్నాళ్లుగా చదివినదానివల్ల ఆ లెక్క వెనుక నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉందని తెలిసింది. దానిని తోటి బ్లాగరులతో పంచుకుందామని ఈ టపా.

ఈ వృత్తికి ఆదిపురుషుడని చెప్పదగినవాడు చార్లెస్ టేలర్. 1868 మే 24న అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో పుట్టాడు. చిన్నతనంలోనే బడి మానేశాడు. 1901లో ఒహాయో రాష్ట్రపు డేటన్ పట్టణంలో రైట్ సోదరుల సైకిలు దుకాణంలో పనికి కుదిరాడు. అన్నదమ్ములిద్దరూ గ్లైడర్ ప్రయోగాలకు కిటీ హాక్ వెళ్ళినప్పుడు దుకాణం చూసుకోవడం అతని బాధ్యత. ఎగిరే యంత్రానికి తేలికైన ఇంజను అవసరమైనప్పుడు వారికి కావలసినట్టు చేసిపెట్టే కంపెనీ ఏదీ దొరకలేదు. ఆ పని టేలర్‌మీద పడింది.

అప్పటికి అతనికి పెట్రోలు ఇంజన్లతో ఉన్న పరిచయం అంతంతమాత్రం. సరైన పటాలు కూడా లేవు. ముగ్గురూ కూర్చుని ఒక్కొక్క భాగాన్ని చిత్తుకాగితం మీద గీసుకునేవారు. టేలర్ ఆ కాగితాన్ని తన పనిబల్ల ఎదుట గుచ్చుకుని పని మొదలుపెట్టేవాడు. దుకాణంలో ఉన్న యంత్రాలు ఒక లేతు మిషను, ఒక బెజ్జాలు వేసే యంత్రం, అంతే. క్రాంక్ షాఫ్టు కోసం సుమారు 45 కిలోల ఉక్కు పలక తెచ్చి, దాని మీద ఆకారం గీసి, ఆ గీత వెంట బెజ్జాలు వేసి, అక్కర్లేని ఉక్కును సుత్తీ ఉలీ పెట్టి కొట్టేసి, మిగిలినదానిని లేతు మీద నున్నగా తీశాడు. చివరకు మిగిలిన షాఫ్టు బరువు తొమ్మిది కిలోలు కూడా లేదు. ఆరు వారాల్లో ఇంజను తయారైంది. నాలుగు సిలిండర్లు, దాదాపు 12 అశ్వశక్తి, దాదాపు 80 కిలోల బరువు. 1903 డిసెంబరు 17న తొలిసారి గాలిలోకి లేచి 12 సెకన్లపాటు 120 అడుగులు ఎగిరిన విమానంలో ఉన్నది అదే. ఆ రోజు టేలర్ అక్కడ లేడు. డేటన్‌లో దుకాణం చూసుకుంటున్నాడు.

1911లో కాల్ రాడ్జర్స్ అనే పైలట్ అమెరికాను ఒక తీరం నుంచి మరొక తీరానికి దాటడానికి బయలుదేరినప్పుడు, కింద పట్టాల మీద ఒక ప్రత్యేక రైలు వెంట నడిచింది. అందులో విడిభాగాలు, వాటితోపాటు మెకానిక్కుగా టేలర్. సెప్టెంబరు 17న న్యూయార్క్‌లో లేచిన విమానం నవంబరు 5న కాలిఫోర్నియాలోని పాసడీనాలో దిగేసరికి దారిలో ఎన్నోసార్లు కూలింది. కూలిన ప్రతిసారీ నిలబెట్టారు. బయలుదేరినప్పటి భాగాల్లో చివరిదాకా మిగిలినవి బహు కొద్ది. పత్రికల్లో పడింది రాడ్జర్స్ పేరు.

తరువాతి కథ చదివినప్పుడు మనసు బాధపడింది. ఆర్థిక మాంద్యంలో టేలర్ దాచుకున్నదంతా పోగొట్టుకున్నాడు. లాస్ ఏంజిలిస్‌లో ఒక విమానాల ఫ్యాక్టరీలో మామూలు కార్మికుడిగా పనిచేశాడు. పక్కన పనిచేసేవారికి అతనెవరో తెలియదు. 1955లో అతను ఒక ధర్మాసుపత్రి వార్డులో ఉన్నాడని తెలిసి విమాన పరిశ్రమ వారు చందాలు వేసుకుని మెరుగైన చోటికి మార్చారు. 1956 జనవరి 30న కన్నుమూశాడు. నేడు అమెరికాలో అతని పుట్టినరోజయిన మే 24ను విమాన నిర్వహణ సాంకేతికుల దినంగా జరుపుకుంటున్నారు. బతికుండగా దక్కని గౌరవం అలా దక్కింది.

టేలర్ కాలానిది చేతి చదువు. చూసి, చేసి, చెడగొట్టుకుని, మళ్ళీ చేసి నేర్చుకోవడం. మన కంసాలి దుకాణంలోనూ, కమ్మరి కొలిమి దగ్గరా తరతరాలుగా జరిగినది ఇదే. కాని ఆ కొలిమిలో తయారైన కొడవలి విరిగితే కోత ఆగుతుంది. విమానంలో ఏదైనా విరిగితే అందులోని వారు మిగలరు. మొదటి ప్రపంచయుద్ధం ముగిసి, విమానాలు టపాసంచులనూ ప్రయాణికులనూ మోయడం మొదలయ్యేసరికి ప్రభుత్వాలకు ఒక ప్రశ్న ఎదురైంది. ఈ యంత్రం ఎగరడానికి యోగ్యమని చెప్పవలసినది ఎవరు? ఆ మాటకు పూచీ ఎవరు? దీనికి దొరికిన జవాబే లైసెన్సు. అమెరికాలో 1926 నాటి వాయు వాణిజ్య చట్టం మెకానిక్కులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. 1927 జులై 1న ఫ్రాంక్ గేట్స్ గార్డ్‌నర్ అనే అతనికి మొదటి నంబరు లైసెన్సు ఇచ్చారు. బ్రిటన్‌లో ఇలాంటివారిని గ్రౌండ్ ఇంజనీర్లనేవారు. వారికి ఏ, బి, సి, డి అని తరగతులుండేవి. ఎగరబోయే ముందు విమానాన్ని పరీక్షించేందుకు ఒకటి, ఇంజనును పరీక్షించేందుకు ఒకటి, పూర్తిగా విప్పి బిగించేందుకు వేరొకటి. ఎవరు దేనికి సంతకం చేయవచ్చో దానికే చేయాలి.

ఈ లైసెన్సుల చరిత్రలో నన్ను ఆకట్టుకున్నది ఏమీ జాన్సన్ కథ. ఇంగ్లండులో హల్ పట్టణపు పిల్ల. అర్థశాస్త్రంలో పట్టా పుచ్చుకుని, లండన్‌లో ఒక న్యాయవాదుల కార్యాలయంలో టైపిస్టుగా పనిచేసేది. 1928లో విమానం నడపడం నేర్చుకోవడానికి స్టాగ్ లేన్‌లోని క్లబ్బులో చేరి, నడపడంతో తృప్తిపడక హ్యాంగరు వైపు నడిచింది. అక్కడి ప్రధాన ఇంజనీరు జాక్ హంఫ్రీస్ ఆమెకు గురువయ్యాడు. పగలు ఉద్యోగం, పొద్దునా సాయంత్రమూ నూనె మరకల మధ్య పని. 1929 డిసెంబరులో ఆమెకు సి తరగతి లైసెన్సు వచ్చింది. బ్రిటన్‌లో గ్రౌండ్ ఇంజనీరు లైసెన్సు పొందిన తొలి స్త్రీ ఆమే.

ఆరు నెలలు తిరగకముందే, 1930 మే 5న ఆమె ఒంటరిగా ఒక జిప్సీ మాత్ విమానంలో ఆస్ట్రేలియాకు బయలుదేరింది. పగలంతా నడపడం, దిగినచోట రాత్రి ఇంజను పని చూసుకోవడం. మన దేశంలో ఝాన్సీలో కవాతు మైదానంలో దిగినప్పుడు రెక్క దెబ్బతింది. బాగుచేయించుకుని కలకత్తా మీదుగా రంగూను దారి పట్టింది. ఆ కాలంలో మన కోస్తా జిల్లాల నుంచి కూలికీ వ్యాపారానికీ వేలమంది తెలుగువాళ్లు ఓడలెక్కి వెళ్ళిన రంగూనే అది. ఆ ఊరికి సమీపంలోని ఇన్సేన్‌లో ఒక ఇంజనీరింగు విద్యాలయం ఆటస్థలంలో దిగబోయి కాలువలో పడింది. రెక్క బట్ట చిరిగింది. పాత యుద్ధకాలపు విమానబట్టతో కుట్టిన చొక్కాలను విప్పి ఆ రెక్కకు అతుకువేశారని ఆమె జీవితచరిత్రల్లో చదువుతాం. మే 24న డార్విన్ చేరింది. అది టేలర్ పుట్టినరోజు కావడం కేవలం యాదృచ్ఛికమే గాని, నాకు మాత్రం బాగుంది. ఏమీ సాహసాన్ని గురించి అందరూ రాశారు. ఆ సాహసం కింద ఒక సి తరగతి లైసెన్సు ఉందన్న సంగతి చాలామంది మరిచిపోతారు.

ఒక్కొక్కరు ఇష్టపడి నేర్చుకోవడం ఒక ఎత్తు. వేలమందికి ఒక పద్ధతిగా నేర్పడం మరొక ఎత్తు. బ్రిటిష్ వైమానిక దళాధిపతి ట్రెంచర్డ్ 1920లలో పదిహేను పదహారేళ్ల కుర్రాళ్లను పరీక్షపెట్టి ఎంచి, మూడేళ్లపాటు శిక్షణ ఇచ్చే పథకం మొదలుపెట్టాడు. హాల్టన్ దానికి ముఖ్యకేంద్రం. అక్కడ వర్క్‌షాపుతోపాటు తరగతిగదీ ఉండేది. ఆకురాయి పట్టి ఇనుపముక్కను కొలతకు అరగదీయడమూ నేర్పేవారు, గణితమూ నేర్పేవారు. ఇదే పథకంలో క్రాన్‌వెల్ శాఖలో 1923లో చేరిన పొట్టి కుర్రవాడు ఫ్రాంక్ విటిల్. ఎత్తు చాలదని మొదట తిప్పి పంపారు. పట్టు విడవక మళ్ళీ వచ్చి చేరాడు. 1937 ఏప్రిల్ 12న అతని జెట్ ఇంజను తొలిసారి తిరిగింది. మెకానిక్కు చదువు చిన్న చదువని అనేవారికి ఈ ఒక్క పేరు చాలు.

ఇక మన దేశం. భారత వైమానిక దళం 1932 అక్టోబరు 8న చట్టరీత్యా ఏర్పడింది. మరో వారానికే, అక్టోబరు 15న, జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి టపా విమానం నడిపాడు. ఆ టపా బొంబాయి నుంచి బళ్లారి మీదుగా మద్రాసుకు చేరింది. 1933 ఏప్రిల్ 1న కరాచీలోని డ్రిగ్ రోడ్డులో వైమానిక దళపు మొదటి స్క్వాడ్రన్ పుట్టినప్పుడు ఉన్నవి నాలుగు వాపిటీ విమానాలు, కొద్దిమంది అధికారులు, నేలపని చేసేందుకు 19 మంది. ఆ పందొమ్మిది మందికి పెట్టిన పేరు హవాయీ సిపాయీలు.

ఆ సిపాయీల వరుసలో నుంచి వచ్చినవాడు హర్జిందర్ సింగ్. లాహోరు దగ్గర మొఘల్‌పురా ఇంజనీరింగు కళాశాలలో చదివినవాడు. అంత చదివి సిపాయిగా చేరడమేమిటని వాళ్లింట్లోనూ అడిగే ఉంటారని ఊహించుకోగలను. మనదంటూ ఒక వైమానిక దళం నిలబడాలంటే విమానాన్ని చేతులారా విప్పి బిగించగలిగిన మనవాళ్లు ఉండాలి. పైలట్లు ఎందరున్నా, ఇంజనుకు తెల్లవాడే దిక్కయితే అది మన దళం కాదు. 1942లో బర్మా యుద్ధరంగంలో మజుందార్ నాయకత్వంలోని మొదటి స్క్వాడ్రన్ దగ్గరున్నవి లైసాండర్ విమానాలు. అవి సైన్యానికి గూఢచర్యంలో సాయపడేవే గాని బాంబర్లు కావు. హర్జిందర్ బృందం వాటికి బాంబులు తగిలించే ఏర్పాటు చేసిపెడితే, వాటితోనే శత్రుస్థావరాల మీద దాడికి వెళ్లారు. సిపాయిగా చేరిన ఆ మనిషి చివరికి ఎయిర్ వైస్ మార్షల్ అయి, కాన్పూరులో నిర్వహణ విభాగానికి అధిపతిగా పనిచేశాడు. మా బాబాయి తాంబరంలో నేర్చుకున్న చదువు ఈ వంశవృక్షపు కొమ్మే.

ఇంతవరకు చదివినవారికి చేతికి చదువు తోడైతే చాలు, కథ సుఖాంతమని అనిపించవచ్చు. కాని 1990 జూన్ 10 సంగతి చెప్పకుండా ఈ చరిత్ర పూర్తికాదు. ఆ రోజు బర్మింగ్‌హామ్ నుంచి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,300 అడుగుల ఎత్తుకు చేరగానే కెప్టెన్ ముందున్న అద్దం ఊడిపోయింది. కెప్టెన్ టిమ్ లాంకాస్టర్ నడుము దాకా బయటికి ఎగిరిపోయాడు. లోపలివాళ్లు ఆయన కాళ్లు పట్టుకుని వేలాడారు. సహపైలట్ సౌతాంప్టన్‌లో విమానం దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బతికారు.

ఆ అద్దాన్ని అంతకు కొద్ది ముందే మార్చారు. దానిని బిగించిన 90 బోల్టుల్లో 84 ఉండవలసినదానికన్నా సన్నవి. తేడా ఎంతో తెలుసా? 0.026 అంగుళం. మిల్లీమీటరులో మూడింట రెండు వంతులు. మిగిలిన ఆరూ పొట్టివి. బిగించినవాడు కొత్తవాడు కాడు. అనుభవశాలి, ఆ షిఫ్టుకు అధికారి. రాత్రి మనుషులు తక్కువై తానే పనిలోకి దిగాడు. పాత బోల్టును చేతిలో పట్టుకుని, దానికి సరిపోలినదాన్ని మసకవెలుతురులో కంటితో చూసి, వేలితో తడిమి ఎంచుకున్నాడు. స్టోరులో ఉన్నతను ఆ పనికి వాడే సైజు వేరని చెప్పాడు కూడా. కాని ఊడదీసినదానివంటిదే పెట్టాలని ఇతని నమ్మకం. ఊడదీసినవే అసలు సరైనవి కావు! పుస్తకంలో సరైన నంబరు ఉంది. చూసి ఉంటే సరిపోయేది. ఎన్నో ఏళ్ల పనితనం నేర్పిన "నాకు తెలుసు" అన్న ధీమా ఆ పుస్తకాన్ని తెరవనివ్వలేదు. రెండో మనిషి సరిచూడాలన్న నియమం ఆ పనికి అప్పట్లో లేదు.

టేలర్‌కు వరమైన చేతి నమ్మకమే ఇక్కడ శాపమైంది. ఇలాంటి ప్రమాదాల నుంచే శిక్షణలో ఒక కొత్త పాఠం చేరింది. యంత్రం ఎలా పాడవుతుందో నేర్పినట్టే, మనిషి ఎలా పొరబడతాడో నేర్పడం. దీనిని మానవ కారకాలంటారు. 1993లో కెనడాలో గోర్డన్ డ్యుపాంట్ అనే ఆయన మరమ్మతులో పొరపాట్లకు దారితీసే పన్నెండు కారణాలను వరుసగా రాసిపెట్టాడు. అలసట, ఒత్తిడి, పరధ్యానం, మితిమీరిన ధీమా, తోటివాడితో మాట్లాడుకోకపోవడం, ఇలా సాగుతుంది. అందులో ఒకటి నన్ను ఆపేసింది. అది "కాదు" అని గట్టిగా చెప్పలేకపోవడం.

అప్పుడు బాబాయి జీవితంలో జరిగిన ఒక సంగతి గుర్తుకొచ్చింది. పిన్ని చెప్పగా విన్నది. ఒక రాత్రి పని ముగిశాక లెక్కలో ఒక చిన్న పానా తగ్గింది. తెల్లవారుజామున ఆ విమానం బయలుదేరాలి. ఎక్కడో పడి ఉంటుందిలే, సంతకం పెట్టమన్నారు పైవాళ్లు. బాబాయి పెట్టలేదు. మూతలన్నీ మళ్ళీ విప్పించారు. విమానం గంటల తరబడి ఆలస్యమైంది. తీరా ఆ పానా వేరొక కుర్రవాడి పెట్టెలో దొరికింది. మాట పడ్డారు. ఆ ఏడు రావలసిన పదోన్నతి రాలేదని పిన్నికి ఇప్పటికీ కోపం.

మేనల్లుడికి ఈ చరిత్రతోపాటు నేను చెప్పవలసినది మరొకటి ఉంది. అది తల్లిదండ్రులంతా తెలుసుకోదగినది. మన దేశంలో ఈ లైసెన్సు ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. చేర్చుకునే విద్యాసంస్థ కాదు. సంస్థ ఇచ్చేది కోర్సు పూర్తిచేశాడన్న పత్రం మాత్రమే. లైసెన్సు కావాలంటే గణితం, భౌతికశాస్త్రం, విద్యుత్తు, లోహాలు, పనిపద్ధతులు, మానవ కారకాలు, చట్టాలు, ఇలా ఒక్కొక్క పరీక్షా విడివిడిగా నెగ్గాలి. ఆపైన పనిచేస్తున్న విమానాల మీద చేసిన పనిని లాగ్‌బుక్‌లో నమోదు చేసి చూపాలి. యంత్రభాగాలకు బి1, విద్యుత్, ఎలక్ట్రానిక్ వ్యవస్థలకు బి2. అవి వచ్చాక కూడా ఏ రకం విమానానికి సంతకం చేయాలో ఆ రకంలో మళ్ళీ శిక్షణ పొందాలి. ఓపిక కావలసిన దారి. ప్రకటనల్లో ఈ మెట్లు కనబడవు. లక్షలు కట్టి, పరీక్షలు సగంలో వదిలేసిన పిల్లలు నాకు తెలుసు. చేరేముందు ఆ సంస్థకు డీజీసీఏ ఆమోదం ఉందా, అసలు విమానం మీద పని నేర్పే ఏర్పాటు ఉందా అని అడిగి తీరాలి. శంషాబాదు విమానాశ్రయపు ఆవరణలోనే పెద్ద విమానాలను విప్పి పరీక్షించే కేంద్రం ఉన్న ఈ రోజుల్లో పనికి కొరతలేదు. కొరత ఆ మెట్లన్నీ ఎక్కే ఓపికకే.

పోయిన నెల వాణ్ణి వెంటబెట్టుకుని బాబాయి దగ్గరకు వెళ్ళాను. ఇప్పుడు చూపు తగ్గింది, చేతులు కాస్త వణుకుతాయి. దసరాకు పూజచేసిన పసుపు బొట్లు ఇంకా ఆ పానాల మీద ఉన్నాయి. "చిన్నతాతయ్యా, ఆ రోజు సంతకం పెట్టనందుకు బాధ లేదా?" అని వాడు అడిగేశాడు. ఆయన నవ్వి, "విమానం ఆగిపోతే పదిమంది తిడతారురా. తిట్టడానికి ఆ పదిమందీ బతికుంటారు కదా" అన్నారు.

సంతకానికి మన పాతమాట చేవ్రాలు. చేయి, వ్రాలు, అంటే చేతి అక్షరాలు. చేతినీ అక్షరాన్నీ మనవాళ్లు ఒక్కమాటలో కట్టిపెట్టారు. చేతి పనితనమొక్కటే చాలదనీ, కాగితం మీది చదువొక్కటే చాలదనీ టేలర్ నుంచి ఆ 84 బోల్టుల దాకా ఈ వృత్తి నేర్చుకున్నది. ఆ రెండూ కలిసినచోట పెట్టేదే ఈ సంతకం. దానికింద ఎన్ని ప్రాణాలున్నాయో పెట్టేవాడికి తెలుసు, విమానంలో కూర్చున్న మనకు తెలియదు. ఇంట్లో మొన్న ఎవరో అన్న "మెకానిక్కా" అన్న మాటకు నా జవాబు ఇదే. అక్కయ్య ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. మేనల్లుడు మాత్రం ఆ రోజు బాబాయి పెట్టె సర్దడంలో సాయపడి, మూత వేసేముందు ఎవరూ చెప్పకుండానే పానాలు లెక్కపెట్టాడు.

మీ ఇళ్లలోనూ ఇలా లెక్కపెట్టే పెద్దలుంటే, వారి కథలు వారు ఉండగానే రాసిపెట్టండి.